ఆ చిత్రంలో ఉన్నది విషాదమేనా? ఒక పాత రూపచిత్రాన్ని చదవడం గురించి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలోని మీ మేనత్తగారి ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు మీ నానమ్మగారి అక్కగారి తైలవర్ణ చిత్రం ఒకటి బయటపడింది. ఎత్తు రెండున్నర అడుగులు ఉంటుంది. కింద కుడిమూల సంతకం చెరిగిపోయింది కాని, 1958 అన్న అంకెలు కనిపిస్తున్నాయి. ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్లో మూసిన పుస్తకం, దాని పుటల మధ్య చూపుడువేలు, పక్కన బల్లమీద వాడిన మల్లెపూలు, వెనుక ఓరగా తెరిచిన తలుపు. చూపు మనవైపు లేదు, పక్కకు ఉంది. ఆవిడ జీవితంలో సుఖపడలేదని ఇంట్లో అందరూ అంటారు. అందువల్ల చిత్రకారుడు ఆ దుఃఖాన్నే వేశాడా, పుస్తకమూ పూలూ తలుపూ ఆ దుఃఖానికి సంకేతాలా అని అడిగారు.

మీరు రాసిన వివరాలను బట్టి అది దుఃఖచిత్రం కాదని నా అభిప్రాయం. చదువుకుంటూ ఉండగా ఎవరో పిలిస్తే తల తిప్పిన మనిషి అందులో ఉన్నారు. నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చింది ముఖం కాదు, ఆ చూపుడువేలు. ఇక పూల సంగతి మాత్రం చిత్రాన్ని దగ్గరగా పరీక్షించకుండా తేల్చకూడదు. అవి నిజంగా వాడిన పూలేనా అన్నదే నాకు ముందుగా వచ్చిన సందేహం.

నేను గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఆ కాలమంతా రూపచిత్రాలు వేయడం, ఇళ్లలో పాడైపోతున్న పాత చిత్రాలను బాగుచేయడం కూడా నా పనిలో భాగంగానే ఉండేవి. ఆ అనుభవంతోనే ఈ కింది విషయాలు రాస్తున్నాను.

చిత్రం ముందు నిలబడగానే మనమందరం ముఖంతో మొదలుపెడతాం. ముఖం చాలా మెత్తని సాక్షి, మనం ఏది అడిగితే అదే చెబుతుంది. ఆమె సుఖపడలేదని చిన్నప్పటినుంచి విన్న మనవరాలికి ఆ మూసిన పెదవుల్లో బాధ కనిపిస్తుంది. అదే చిత్రాన్ని ఏమీ తెలియని వ్యక్తికి చూపించి ఈమె కళాశాల ప్రిన్సిపాలు అని చెబితే, అవే పెదవుల్లో క్రమశిక్షణ కనిపిస్తుంది. పైగా చిత్రకారుడి ఎదుట కూర్చున్న మనిషి గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి కదలకుండా ఉండాలి. నవ్వును అంతసేపు నిలబెట్టడం ఎవరివల్లా కాదు. రెండు నిమిషాలు దాటితే చెక్కిళ్లు బిగుసుకుపోయి అది నవ్వు కాకుండా పోతుంది. అందుకే పాత రూపచిత్రాల్లో నూటికి తొంభైమంది గంభీరంగా కనిపిస్తారు. ఆ గాంభీర్యం కూర్చున్న భంగిమ వల్ల వచ్చినది, దాన్ని మనసులోని బాధగా లెక్కగట్టకూడదు.

అయినా ముఖం చెప్పేది ఏమీ లేదని కాదు. దుఃఖంలో కనుబొమల లోపలి కొసలు, అంటే ముక్కువైపు కొసలు, పైకి లేస్తాయి. ఇది మనం కావాలని చేయడం కష్టం, కాబట్టి చిత్రకారుడు దాన్ని వేశాడంటే చూసి వేశాడని, లేదా తెలిసి వేశాడని నమ్మవచ్చు. మనసారా వచ్చిన నవ్వులో కంటి బయటి మూల ముడతపడుతుంది, కింది రెప్ప కొంచెం పైకి వస్తుంది. మీ చిత్రంలో కనుబొమలు సమంగా ఉన్నాయో, లోపలి కొసలు లేచాయో చూడండి. తరువాత ఒక తెల్ల కాగితం తీసుకుని ముఖంలో కుడి సగాన్ని మూసి ఎడమ సగాన్ని చూడండి, ఆపై ఎడమ సగాన్ని మూసి కుడి సగాన్ని చూడండి. మంచి రూపచిత్రాల్లో రెండు సగాలూ ఒకే మాట చెప్పవు. నవ్వో బాధో తెలియడం లేదని మీరు రాసిన ఆ భావం సాధారణంగా ఇక్కడినుంచే పుడుతుంది. మోనాలిసా విషయంలో లియొనార్డో చేసింది దీనికి దగ్గరగానే ఉంటుంది. పెదవుల కొసలనూ కంటి కొసలనూ గీత లేకుండా పొగలా నీడలో కలిపివేశాడు. భావాన్ని తేల్చే చోట్లే మసకబారితే తేల్చే పని చూసేవారి మీద పడుతుంది.

మన పూర్వులు కూడా కంటి ఆకారానికీ మనోభావానికీ ఉన్న సంబంధాన్ని వివరంగా చెప్పారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కళ్లను అయిదు ఆకారాలుగా విభజిస్తుంది. అందులో నిర్వికారంగా ఉన్నవారి కన్ను కలువరేకులా, భయపడినవారిదీ ఏడ్చేవారిదీ తామరరేకులా ఉండాలని ఉంది. నాట్యం తెలియనివాడికి చిత్రం అర్థం కాదని చెప్పేదీ ఆ గ్రంథమే. ఈ మాటను నేను అక్షరాలా నమ్ముతాను. భావం ముఖంలో మొదలైనా, రుజువు దొరికేది ఒంట్లోనే. మెడ వాలిందా నిలబడిందా, భుజాలు జారాయా, వేళ్లు బిగిశాయా వదులుగా ఉన్నాయా అన్నవి చూడాలి. అమరావతి శిల్పాల్లో బుద్ధపాదాల ముందు వంగిన స్త్రీల ముఖాలు దాదాపు కనిపించవు. అయినా వంగిన వీపుల వంపులోనే వారి భక్తి అంతా తెలిసిపోతుంది. గుంటూరులో ఉన్నవారు ఒకసారి అమరావతి మ్యూజియంకు వెళ్లి, ముఖాలను వదిలి ఒళ్లను మాత్రమే చూడటం అలవాటు చేసుకుంటే, రూపచిత్రాలు చదవడం సగం వచ్చినట్లే.

ఇప్పుడు ఆ చూపుడువేలి దగ్గరకు వస్తాను. ఆ కాలపు చిత్రాల్లో, ఫొటోల్లో స్త్రీ చేతిలో పుస్తకం కొత్త విషయం కాదు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అప్పటినుంచి చాలా దశాబ్దాల పాటు ఆడపిల్ల చేతిలో పుస్తకం పెట్టి ఫొటో తీయించడం, మా అమ్మాయి చదువుకున్నది అని చెప్పుకునే పద్ధతిగా ఉండేది. స్టూడియోల్లో ఒక స్టూలు, ఒక పూలకుండీ, రెండు మూడు అట్టకట్టిన పుస్తకాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అలాంటి పుస్తకం నిలువుగానో అడ్డంగానో చేతిలో ఉంటుంది, మూసే ఉంటుంది, అందులో వేలు ఉండదు. పుటల మధ్య వేలు పెట్టారంటే ఆ పుస్తకం అలంకారం స్థాయి దాటి ఒక పని అయింది. ఆమె చదువుతున్నారు, ఆపారు, మళ్లీ అక్కడినుంచే చదవబోతున్నారు. శోకంలో మునిగిన మనిషి పేజీ గుర్తు పెట్టుకోదు. అందుకే నేను దుఃఖం కాదన్నాను. మూసిన పుస్తకం ముగిసిపోయిన చదువుకు సంకేతమని మీ బంధువులొకరు అన్నట్లు రాశారు. వేలు లేకపోతే ఆ మాటను నేను ఆలోచించేవాడిని. వేలు ఉన్నాక ఆ అర్థం నిలబడదు.

ఒక వస్తువు సంకేతం అవునా కాదా అని తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: చిత్రకారుడు దానికోసం శ్రమపడ్డాడా? ఊరికే వేసిన వస్తువు కుంచె రెండు మూడు విసుర్లలో అయిపోతుంది. అర్థం ఉద్దేశించిన వస్తువు దగ్గర అతడు ఆగుతాడు, వెలుగు అక్కడ పడేలా చూస్తాడు, ఒక్కోసారి ముందు వేసినదాన్ని చెరిపి మళ్లీ వేస్తాడు. ఇది కనిపెట్టడానికి చీకటి గదిలో చిత్రాన్ని పెట్టి, టార్చిలైటును పక్కనుంచి, కాన్వాసుకు దాదాపు ఆనించినట్లు పట్టుకుని చూడండి. రంగు మందంగా ఉన్న చోట్లు గట్లలా లేచి నీడ వేస్తాయి. పై బొమ్మకు సంబంధం లేని గట్లు కనిపిస్తే అక్కడ కింద మరొకటి ఉన్నదన్నమాట. చెయ్యి మొదట మరోచోట ఉండి పుస్తకం మీదికి మార్చినట్లు తెలిస్తే, ఆ వేలు యాదృచ్ఛికం కాదని రూఢి అవుతుంది.

తలుపు గురించి ఎక్కువ చెప్పను. ముఖం వెనుక చీకటి కావలసినప్పుడు మా వాళ్లు చేసే సులభమైన ఏర్పాటు అది. తెరిచిన తలుపు లోపలి నల్లదనం మీద వెలుగుపడిన చెంప చక్కగా తేలుతుంది. తలుపు ఆమె చూస్తున్న వైపు ఉంటే ఎదురుచూపు అనవచ్చు, వెనుక ఉంటే అనకూడదు. వెలుగు ఎడమనుంచి పడటానికీ అర్థాలు వెతకకండి. కుడిచేతి వాటం చిత్రకారులు కిటికీని తమ ఎడమవైపు ఉంచుకుని కూర్చుంటారు, లేకపోతే చేతి నీడ చేస్తున్న పని మీదే పడుతుంది.

పూల విషయం మాత్రం తీరిగ్గా చెప్పవలసినది. వాడిన పూలు అనగానే గడిచిపోయిన యౌవనం, తీరని కోరిక అని అందరూ అంటారు. పాశ్చాత్య చిత్రాల్లో ఆ సంప్రదాయం ఉన్న మాట నిజమే. మన అలంకార శాస్త్రంలో కూడా పూలూ వెన్నెలా ఉద్దీపన విభావాలు, అంటే మనసులోని భావాన్ని రగిలించే పరిసరాలు. కాని చిత్రం వేసేవాడి కష్టం వేరు. మల్లెలు సాయంత్రం విచ్చుకుంటాయి, మర్నాటికి అంచులు గోధుమరంగు తిరుగుతాయి. అందువల్ల చిత్రంలో పూలుంటే మేము వాటినే ముందు వేస్తాం, ముఖం మర్నాడు కూడా ఉంటుంది కాని మల్లెలు ఉండవు. అంటే నిజంగా వాడిన పూలే వేశాడంటే కావాలని వేశాడని చెప్పడానికి బలం ఉంది.

అయితే అవి వాడినవేనని ఎలా తెలుస్తుంది? తైలవర్ణాల్లో కలిసే అవిసె నూనె కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, వెలుతురు తగలని గదిలో ఇంకా ఎక్కువ. దానిపైన పూసిన వార్నిష్ కూడా తేనెరంగుకు దిగుతుంది. అరవై ఏళ్లు దాటిన చిత్రంలో వేసిననాడు తెల్లగా మెరిసిన మల్లె ఈ రోజు వాడినట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి పూలను పూలతో కాదు, పుస్తకం పుటల అంచులతో పోల్చండి. పుటల అంచు, కంటిలోని తెలుపు, రవికె అంచున తెలుపు ఉంటే అది, ఇవన్నీ పూలలాగే గోధుమరంగులో ఉంటే ఆ మల్లెలు తాజావి, వాడింది రంగు మాత్రమే. పుటల అంచు తెల్లగా ఉండి పూలు మాత్రమే గోధుమరంగులో ఉంటే, రేకులు ముడుచుకుని వాలినట్లు గీసి ఉంటే, అప్పుడు అది చిత్రకారుడి మాట. ముదురు ఆకుపచ్చ అని మీరన్న చీర కూడా నీలం కావచ్చు. పసుపెక్కిన వార్నిష్ కింద నీలం ఆకుపచ్చగా కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

కాలం చేసిన మార్పును చిత్రకారుడి ఉద్దేశంగా పొరబడటం పెద్ద పెద్ద చిత్రాల విషయంలోనూ జరిగింది. నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో మారిట్స్‌హుయిస్ మ్యూజియంలో ఉన్న, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన చిత్రం, ముత్యపు చెవిపోగు పెట్టుకున్న అమ్మాయిది, 1665 ప్రాంతంలో వేసినది. ఆమె వెనుక ఉన్న శూన్యమైన నలుపులో రహస్యం ఉందనీ ఒంటరితనం ఉందనీ ఎంతో రాశారు. 2018లో ఆ చిత్రాన్ని శాస్త్రీయంగా పరీక్షించి, వివరాలు 2020లో వెల్లడించినప్పుడు అక్కడ నిజానికి ముడతలున్న ఆకుపచ్చ తెర ఉండేదనీ, రంగులు మారిపోవడం వల్ల అది నల్లబడి కనుమరుగైందనీ తేలింది. పైగా అది ఫలానా వ్యక్తి రూపచిత్రం కూడా కాదు, ఒక ముఖకవళికను వేషధారణతో వేసి చూపిన అభ్యాసం వంటిది. ఆమె ఎవరు, ఎవరికోసం చూస్తోంది అన్న ప్రశ్నలకు అందులో చోటే లేదు.

నా చేతుల మీదుగా జరిగిన ఒక విషయం చెబుతాను. గుంటూరు కొత్తపేటలో ఒక ఇంటివారు తమ ముత్తవ్వ చిత్రాన్ని శుభ్రం చేయమని తెచ్చారు. పూజగదిలో ఏళ్ల తరబడి దీపం పొగా అగరొత్తుల పొగా పట్టి నల్లబడిపోయింది. ఆవిడ ఎడమకంటి కింద ఒక చార ఉన్నది, అది కన్నీరని మూడు తరాలుగా నమ్ముతున్నారు. దాని చుట్టూ ఇంట్లో ఒక కథ కూడా అల్లుకుంది. భూతద్దంతో చూస్తే ఆ చార చెంప గుండ్రదనాన్ని పట్టించుకోకుండా నిట్టనిలువుగా దిగి, దవడ దాటి, మెడ మీదుగా చీర అంచు దాకా వెళ్లింది. కుంచెతో వేసిన కన్నీరు చెంప వంపు వెంట జారుతుంది, గడ్డం దగ్గర ఆగుతుంది. ఇది వానాకాలంలో గోడ కారినప్పుడు పైనుంచి దిగిన నీటిచార. మసి తొలగించాక ఆ ముఖం నిండా ఎంత ప్రశాంతత ఉందో చెప్పలేను. నుదుట మాత్రం బొట్టు ఉన్నచోట రంగు దెబ్బతిని ఉంది. ఏటా తద్దినం రోజున ఫొటోకు పెట్టినట్లే కాన్వాసు మీద నేరుగా గంధం, కుంకుమ పెట్టేవారు. అసలు చిత్రకారుడు వేసిన బొట్టు దానికింద అరచుక్కంత మిగిలింది. అందుకే మీ చిత్రంలో బొట్టు, నల్లపూసలు, తలలో పూలు చూసి ఆమె వైవాహిక స్థితి గురించి ఏ నిర్ణయానికైనా వచ్చేముందు, అవి మిగతా చిత్రంతోపాటు వేసినవా, తరువాత ఇంట్లోవారు చేర్చినవా చూడండి. తరువాత వేసిన రంగు పగుళ్లను కప్పేస్తుంది, మొదటి రంగు పగుళ్లతోపాటు పగులుతుంది.

ఇలా తరువాతివారు సంకేతాలు చేర్చడం మన ఇళ్లకే పరిమితం కాదు. అమెరికన్ చిత్రకారుడు విస్లర్ 1871లో తన తల్లిని నల్లని దుస్తుల్లో కూర్చోబెట్టి వేసి, దానికి బూడిదరంగు నలుపుల అమరిక అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. తనకు కావలసింది రంగుల పొందిక అని అతడి పట్టుదల. 1934లో అమెరికాలో మాతృదినోత్సవానికి ఆ చిత్రంతో తపాలాబిళ్ల వేసినప్పుడు ఒక మూల పూలకుండీ చేర్చారు. వేసినవాడు రంగుల గురించి మాట్లాడితే, చూసినవారికి అమ్మ కావలసివచ్చింది. దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం మీరు ఎన్నో ఇళ్లలో, కేలండర్లలో చూసి ఉంటారు. అది రవివర్మది అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎస్. ఎల్. హల్దంకర్ గారు తన కుమార్తెను నిలబెట్టి వేసిన నీటిరంగుల చిత్రం, మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉన్నది. రవివర్మది అనుకుంటే మనసు వెంటనే పురాణ నాయికల వైపు పోతుంది. కూతురు అని తెలిశాక ఆ వేళ్ల సందుల్లోంచి వచ్చే ఎర్రని వెలుగులో తండ్రి చూపు కనిపిస్తుంది. వేసినవారికీ కూర్చున్నవారికీ ఏమిటి సంబంధమన్నది అందుకే ముఖ్యం. మీ 1958 నాటి చిత్రాన్ని ఎవరు వేశారో, డబ్బు ఇచ్చి వేయించుకున్నదో, ఇంటి మనిషే వేసినదో కనుక్కోగలిగితే తప్పక కనుక్కోండి.

చివరగా ఒక ముఖ్యమైన సందేహం. ఆ చిత్రం ఎదురుగా కూర్చోబెట్టి వేసినదా, ఫొటో చూసి వేసినదా? మన ప్రాంతంలో చనిపోయినవారి చిత్రాలు చాలావరకు పాస్‌పోర్టు సైజు ఫొటో నుంచి వేసినవే. అటువంటి వాటిలో ముఖం తప్ప మిగతాదంతా చిత్రకారుడి కల్పన. విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక కుటుంబం కోసం నేను వారి తల్లిగారి చిత్రం వేశాను. ఫొటోలో భుజాల వరకే ఉంది. ఒళ్లో వీణ కావాలని పిల్లలు కోరారు, ఆవిడ వీణ నేర్చుకోవాలని అనుకునేవారట, ఏనాడూ నేర్చుకోలేదు. ఆ తీగల మీద ఉన్న చేతులు నా భార్యవి. ఇంకో యాభై ఏళ్లకు ఎవరైనా ఆ వేళ్లను చూసి ఆవిడ స్వభావం చెప్పబోతే, వారు చెప్పేది నా భార్య గురించి అవుతుంది. మీ చిత్రంలో ముఖం మీద వెలుగు పడిన దిక్కు, చేతుల మీద పడిన దిక్కు ఒకటేనా చూడండి. ముక్కు నీడ కుడివైపు పడి, వేళ్ల నీడ ఎడమవైపు పడితే అది రెండు చోట్లనుంచి అతికిన చిత్రం. అప్పుడు చూపుడువేలి గురించి నేను పైన చెప్పినదంతా ఆవిడకు కాక చిత్రకారుడికి, లేదా వేయించినవారికి వర్తిస్తుంది. ఆమె చదువుకునేవారని వారు చెప్పదలుచుకున్నారని అర్థం. అది కూడా చిన్న విషయం కాదు. సుఖపడలేదని మీ ఇంట్లో చెప్పుకుంటున్న మనిషిని, ఆమెను ఎరిగినవారు పుస్తకం పట్టుకున్న మనిషిగా గుర్తుంచుకోవాలనుకున్నారు.

ఈ పరీక్షలు చేసేటప్పుడు దయచేసి చిత్రాన్ని తడిగుడ్డతో తుడవకండి. బంగాళదుంప ముక్కతో రుద్దమని, నిమ్మరసం వాడమని, కిరోసిన్ రాయమని ఎవరు చెప్పినా వినకండి. మసితోపాటు పైపొర రంగు కూడా ఊడివస్తుంది, ముఖంలో అన్నిటికంటే పలుచని పొరలు కళ్ల దగ్గర, పెదవుల దగ్గర ఉంటాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము మాత్రం దులపండి, రంగు పెచ్చులు లేస్తున్న చోట అదీ వద్దు.

వీలైతే మూడు ఫొటోలు పంపండి. పక్కనుంచి టార్చి వేసి తీసినది ఒకటి, పూలూ పుటల అంచూ ఒకే ఫ్రేములో పడేలా దగ్గరగా తీసినది ఒకటి, కాన్వాసు వెనుకభాగానిది ఒకటి. వెనుక చట్రం మీద పెన్సిలుతో పేరో తేదీయో రాసి ఉండటం ఆ రోజుల్లో మామూలే. అది దొరికితే ఆమె ఎదురుగా కూర్చున్నారో లేదో కూడా తెలియవచ్చు.